33 శాతం దేంట్లో?

2024 సెప్టెంబరు 20న హైదరాబాద్ సచివాలయంలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సింగరేణి బొగ్గు సంస్థ కార్మికులకు లాభాల వాటా ప్రకటించారు. సాయంత్రానికల్లా గోదావరిఖనిలో ఏ ఇంట చూసినా ఒకటే అంకె: 33 శాతం. అంతకుముందు ఏడాది 32, ఈసారి 33. పెరిగిందన్నమాట. ప్రతిపక్షం మాత్రం కార్మికుడికి దక్కింది 17 శాతం కూడా లేదంది. ఒక చానెల్ మొదటి అంకెను పట్టుకుంది, ఇంకో చానెల్ రెండో అంకెను. ఇలాంటి పూట చౌరస్తా టీకొట్టు దగ్గర, మొదటి షిఫ్టు దిగి వచ్చినవాళ్ల మధ్య మొదలయ్యే వాదన మనకు తెలియనిది కాదు. ఆ పత్రిక అమ్ముడుపోయిందని ఒకరంటారు, ఈ చానెల్ ఎప్పుడూ ఇంతేనని ఇంకొకరంటారు.

ఒక కాగితం తీసుకుని లెక్క వేద్దాం. 2023-24లో సింగరేణి ఆర్జించినట్లు ప్రకటించిన లాభం 4,701 కోట్ల రూపాయలు. అందులో 2,289 కోట్లు సంస్థ విస్తరణకు, కొత్త ప్రాజెక్టులకు పక్కన పెట్టారు. మిగిలింది 2,412 కోట్లు. దీంట్లో 33 శాతం అంటే 796 కోట్లు. ప్రభుత్వం చెప్పింది ఈ లెక్క. అదే 796 కోట్లను మొత్తం 4,701 కోట్లతో పోల్చి చూస్తే 16.9 శాతం. ప్రతిపక్షం చెప్పింది ఈ లెక్క. రెండూ నిజమే. అంతకుముందు ఏడాది, అంటే 2022-23లో, లాభం 2,222 కోట్లు. కార్మికులకు ఇచ్చింది 711 కోట్లు. అది మొత్తం లాభం మీదే 32 శాతం.

ఇప్పుడు మూడు వాక్యాలు రాయొచ్చు. కార్మికుల వాటా ఒక శాతం పెరిగింది. కార్మికులకు పంచిన సొమ్ము 85 కోట్లు పెరిగింది. మొత్తం లాభంలో కార్మికుల వాటా దాదాపు సగానికి పడిపోయింది. మూడింటిలో ఏ ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఏ ఒక్కదాన్ని శీర్షికగా పెట్టినా చదివేవాడి మనసులో వేరే బొమ్మ పడుతుంది. మొదటిది చదివినవాడు సంతోషిస్తాడు, మూడోది చదివినవాడు మండిపడతాడు.

వార్తలు చదవడం గురించి నేను చెప్పదలచుకున్నది ఇదే. మనల్ని దారి తప్పించే వార్తల్లో పూర్తి అబద్ధాలు తక్కువ. అబద్ధం ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతుంది. సగమే చెప్పిన నిజం దొరకదు, ఎందుకంటే అందులో తప్పు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. శాతం కనబడగానే ‘దేంట్లో?’ అని అడగడం అలవాటైతే, మిగతా సగం మీరే బయటికి లాగగలరు. మరుసటి ఏడాది లెక్కతో ఒకసారి సాధన చేసి చూడండి. 2024-25 లాభం 6,394 కోట్లు, పక్కన పెట్టింది 4,034 కోట్లు, మిగిలిన 2,360 కోట్లలో ప్రకటించిన వాటా 34 శాతం. మొత్తం మీద అది ఎంత శాతమో వేసి చూడండి. 12.5 దగ్గర తేలుతుంది. శీర్షికలో అంకె 32, 33, 34 అని ఏటా ఒక మెట్టు ఎక్కింది. మొత్తం లాభంలో వాటా 32, 17, 12.5 అని దిగింది. విస్తరణకు డబ్బు దాచడం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. కొత్త గనులు రాకపోతే రేపటి ఉద్యోగాలు ఉండవనే వాదనలో బలముంది. కష్టపడి తెచ్చిన లాభంలో మా వాటా కుదించారనే వాదనలోనూ బలముంది. ఆ చర్చ చేయాలన్నా ముందు రెండు అంకెలూ మన చేతిలో ఉండాలి గదా.

సగటు అన్న మాట దగ్గర కూడా ఆగాలి. 2023-24 లాభాల్లో ఒక్కో కార్మికుడికి సగటున లక్షా 90 వేలు అని వచ్చింది. 796 కోట్లను 41,837 మందితో భాగిస్తే వచ్చిన అంకె అది. ‘అన్నా, లక్షా తొంభై పడుతదట గదా’ అని అప్పు ఇచ్చినాయన ముందే వచ్చి కూర్చుంటాడు. సగటు ఎవరి ఖాతాలోనూ పడదు. మస్టర్లు (హాజరు) తక్కువున్నవాడికి తక్కువ, ఎక్కువున్నవాడికి ఎక్కువ. ఇంట్లో ఆడవాళ్లు సగటు చూసి ఖర్చులు లెక్కగట్టుకుని, పడిన సొమ్ము చూసి మగవాణ్ని అనుమానించిన సందర్భాలు కోల్‌బెల్ట్‌లో కొత్త కాదు. అదే ప్రకటనలో కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా తలా 5 వేలు ఇస్తామన్న ముక్క ఉంది. పాతిక వేల మందికి సంబంధించిన ఆ ముక్క చాలా శీర్షికల్లో కిందికి పోయింది. శీర్షికలోకి ఎవరు ఎక్కారు, ఎవరు ఎక్కలేదు అన్నది కూడా చదవాల్సిన విషయమే.

దసరాకు వచ్చే ఈ లాభాల వాటాకూ, దీపావళికి వచ్చే పీఎల్‌ఆర్ బోనస్‌కూ సంబంధం లేదు. మొదటిది రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించేది. రెండోది దేశంలోని బొగ్గు కార్మికులందరికీ జాతీయ సంఘాలు, కోల్ ఇండియా కూర్చుని తేల్చేది. 2024లో అది 93,750 రూపాయలు. ఈ రెంటినీ కలిపేసి ‘సింగరేణి కార్మికుడికి దాదాపు మూడు లక్షలు’ అని రాసేస్తే బయటి ఊళ్లవాళ్లు మనల్ని చూసే చూపే మారిపోతుంది.

ఒక మాట, రెండు ప్రశ్నలు

అంకెల సంగతి అలా ఉంచితే, మాటలతో వచ్చే చిక్కు ఇంకా లోతైనది. ‘సింగరేణి ప్రైవేటీకరణ’ అనే మాటనే తీసుకోండి. 2022 నవంబరు 12న ఎరువుల ఫ్యాక్టరీని జాతికి అంకితం చేయడానికి రామగుండం వచ్చిన ప్రధాని మోదీ, సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉందని, కాబట్టి కేంద్రం తనంత తానుగా ప్రైవేటుపరం చేయలేదని, అలాంటి ప్రతిపాదనే లేదని సభలో చెప్పారు. వాటాల సంగతి అక్షరాలా నిజం.

అంతకు 11 నెలల ముందు, 2021 డిసెంబరు 9 నుంచి 11 వరకు, ఇదే ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా సింగరేణి సంఘాలన్నీ జెండాలు పక్కన పెట్టి మూడు రోజులు సమ్మె చేశాయి. మరి లేని ప్రతిపాదన మీద సమ్మె ఎందుకు చేసినట్టు? ఆ సమ్మె కంపెనీ వాటాల అమ్మకం గురించి కాదు. కోయగూడెం బ్లాక్-3, సత్తుపల్లి బ్లాక్-3, శ్రావణపల్లి, కల్యాణఖని బ్లాక్-6 అనే నాలుగు బొగ్గు బ్లాకులను సింగరేణికి నేరుగా ఇవ్వకుండా కేంద్రం వేలంలో పెట్టడం గురించి. కంపెనీ ఎవరిది అన్నది ఒక ప్రశ్న. రేపు తవ్వబోయే బొగ్గు ఎవరిది అన్నది మరో ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి రెండో ప్రశ్నకు కూడా చెప్పినట్టే అనిపించొచ్చు. రెండో ప్రశ్న మీద ఆందోళన చేస్తూ మొదటిదే జరిగిపోతోందని జనాన్ని నమ్మించొచ్చు. రెండు పనులూ జరిగాయి. 2024 జూన్ 21న హైదరాబాద్‌లో మరో విడత వేలం మొదలైనప్పుడు శ్రావణపల్లి మళ్లీ జాబితాలోకి వచ్చింది. శీర్షికల్లోకి ‘ప్రైవేటీకరణ’ కూడా మళ్లీ వచ్చింది.

అందుకని పెద్ద మాట కనబడినప్పుడు దాన్ని తీసేసి, జరిగిన పని ఏమిటో మామూలు మాటల్లో చెప్పుకోండి. ఎవరు, దేన్ని, ఎవరికి, ఏ తేదీన, ఏ పద్ధతిలో ఇచ్చారు? ఆ వాక్యం తయారు కాకపోతే ఆ వార్తలో సమాచారం లేదు, అభిప్రాయమే ఉంది. అభిప్రాయం ఉండకూడదని కాదు. దాన్ని వార్త అనుకుని మింగకూడదు. కార్మిక సంఘాల ఎన్నికల మర్నాడు కూడా ఇలాగే చదవాలి. 2023 డిసెంబరు 27 పోలింగ్‌లో ఏఐటీయూసీ సంస్థ మొత్తం మీద దాదాపు 2 వేల ఓట్ల ఆధిక్యంతో గుర్తింపు సంఘమైంది. ఐఎన్‌టీయూసీ 11 ఏరియాల్లో 6 గెలిచి అక్కడ ప్రాతినిధ్య సంఘమైంది. ‘విజయఢంకా’ అని ఎవరి పేరు రాసినా చెల్లిపోతుంది.

ప్రమాదం జరిగిన రాత్రి

2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలింది. లోపల ఎంతమంది చిక్కుకున్నారన్నదాని మీద ఆ రోజు వచ్చిన అంకెలు ఒకదానితో ఒకటి కలవలేదు. కొందరు ప్రాణాలతో బయటపడ్డారు, చివరికి ముగ్గురు చనిపోయారు. 2003 జూన్ 16న జీడీకే 7ఎల్ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయినప్పుడు ఇంత మందికి ఫోన్లు లేవు. అడ్రియాలనాటికి ప్రతి జేబులో ఫోన్ ఉంది, ప్రతి ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది.

అలాంటి రాత్రి మొదటి గంటల్లో విలేకరికి లోపలికి వెళ్లే వీలుండదు. గని గేటు దగ్గర దొరికేది ఎవరు? షిఫ్టు దిగి వచ్చినవాళ్లు, సంఘాల నాయకులు, ఏడుస్తున్న ఇంటివాళ్లు. వాళ్లెవరూ అబద్ధం చెప్పరు. తాము చూసిన ముక్క చెబుతారు. అసలు లెక్క మస్టర్ దగ్గర, ల్యాంప్ రూమ్ దగ్గర తేలాలి. ఎన్ని క్యాప్ ల్యాంపులు తీసుకెళ్లారు, ఎన్ని తిరిగి వచ్చాయి, ఆ షిఫ్టులో కాంట్రాక్టు మనుషులెవరు, తనిఖీకి దిగిన అధికారులెవరు? దీనికి సమయం పడుతుంది. ఆలోపు చానెల్‌కు ఒక అంకె కావాలి. పక్క చానెల్ నాలుగు అంటే ఈ చానెల్ ఆరు అంటుంది.

బాయిలో పనిచేసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పని మొదలుపెట్టే ముందు సర్దార్ పైకప్పును కట్టెతో కొట్టి, చప్పుడు వింటాడు. గట్టి రాయి ఒకలా మోగుతుంది, డొల్లగా ఉన్నది మరోలా. చూపుకు రెండూ ఒకేలా నల్లగా ఉంటాయి. వార్తను కూడా అలాగే తట్టి చూడొచ్చు. ‘అని తెలిసింది’, ‘అంటున్నారు’, ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ అన్నచోట చప్పుడు డొల్ల. పేరుతో హోదాతో ఒక మనిషి చెప్పినచోట కొంత గట్టి. కాగితం, ఉత్తర్వు నంబరు, తేదీ ఉన్నచోట ఇంకా గట్టి. డొల్ల చప్పుడు వచ్చినంత మాత్రాన ఆ వార్త తప్పని కాదు, ఇప్పుడే దాని కింద నిలబడొద్దని మాత్రమే. పేర్లు మొదటి గంటలో వాట్సాప్‌లో తిప్పడం మరీ దారుణం. బతికున్న మనిషి పేరు చావు జాబితాలో చదివిన తల్లి గుండె ఏమవుతుందో ఆలోచించండి.

ఇంకో సంగతి. గని ప్రమాదం మీద విచారణ చేయాల్సింది డీజీఎంఎస్, అంటే కేంద్ర గనుల భద్రతా సంస్థ. ఎవరి నిర్లక్ష్యం, ఏ నిబంధన తప్పారు, ఎవరి మీద చర్య అన్నది నెలల తర్వాత తేలుతుంది. అప్పటికి మొదటి పేజీలో వేరే వార్త ఉంటుంది. లోపలి పేజీలో ఒక కాలమ్‌లో వచ్చే ఆ వార్తే మొదటి రోజు నాలుగు పేజీల కన్నా విలువైనది. దాన్ని కత్తిరించి దాచుకునేవాడు గేట్ మీటింగ్‌లో లేచి మాట్లాడగలడు.

భూకంపం భయం సంగతీ ఇలాంటిదే. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు మన ఊళ్లోనూ జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. ఆ భయం ఆరకముందే, 2025 ఏప్రిల్‌లో రామగుండం దగ్గర పెద్ద భూకంపం రాబోతోందని ఒక ప్రైవేటు సంస్థ చెప్పిందంటూ చానెళ్లు ఊదరగొట్టాయి. ఓపెన్‌కాస్ట్ గని బ్లాస్టింగ్‌కే గోడలు అదిరే కాలనీల్లో ఆ వార్త పిల్లల్ని నిద్రపోనివ్వలేదు. ఫలానా రోజు ఫలానా చోట భూకంపం వస్తుందని ముందుగా చెప్పే శాస్త్రం ప్రపంచంలో ఇంకా ఎవరి దగ్గరా లేదు. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే ఆ వార్త అక్కడే ఆగిపోయేది. మే 5న ఆసిఫాబాద్ వైపు 3.8 తీవ్రతతో చిన్నగా కంపించగానే ‘చూశారా, ముందే చెప్పారు’ అన్నవాళ్లున్నారు. చోటు వేరు, నెల వేరు, తీవ్రత వేరు. గోదావరి లోయలో భూమి కదలడం పాత సంగతే, 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. ఊదరగొట్టి జనాన్ని భయపెట్టిన చానెల్ ఏప్రిల్ గడిచిపోయాక ‘రాలేదు’ అని అంతే గొంతుతో చెప్పిందా అన్నది గమనించండి. ఏ చానెల్‌ను ఎంత నమ్మాలో అప్పుడు తెలుస్తుంది.

రాసేదెవరు, అచ్చువేసేదెవరు

తెలుగు పత్రిక ఊరి గుమ్మంలోకి వచ్చింది 1989లో. ఆ ఏడాది ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. వీధి కుళాయి, బడి పైకప్పు, కాలనీ మురుగుకాల్వ వార్తలయ్యాయి. ఇది మామూలు మార్పు కాదు. కానీ ఆ వార్తలు రాసే కంట్రిబ్యూటర్‌కు చాలాచోట్ల జీతమనేది లేదు, లేదా పేరుకే ఉంది. పైగా ఆగస్టు 15కు, నాయకుల పుట్టినరోజులకు ప్రకటనలు తెచ్చిపెట్టే బాధ్యత కూడా అతనిదే. పొద్దున ఎవరి మీద వార్త రాయాలో సాయంత్రం వాళ్ల దగ్గరికే ప్రకటన కోసం వెళ్లాలి. ఈ ఇరకాటంలోనూ నిజాయితీగా రాస్తున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్లను గౌరవించడం కూడా పాఠకుడి పనే. మంచి వార్త రాసినప్పుడు ఎడిషన్ ఆఫీసుకు ఒక ఉత్తరం ముక్క రాయండి.

జబ్బు పైస్థాయిలో ఇంకా ముదిరింది. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని అభ్యర్థుల ప్రచారాన్ని వార్తలుగా అచ్చువేశారన్న ఆరోపణల మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, రెండోవారు మన తెలుగు జర్నలిస్టు కె.శ్రీనివాస్‌రెడ్డి. 2010లో వాళ్లిచ్చిన 71 పేజీల నివేదికలో సంస్థల పేర్లతో సహా ఉంది. కౌన్సిల్ దాన్ని పూర్తిగా బయటపెట్టలేదు. సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో గానీ జనానికి దొరకలేదు. పత్రికల మీద వార్త పత్రికల్లో రాదు, అది మనమే వెతుక్కోవాలి.

యాజమాన్యం ఎవరిదో తెలియడం తొలి మెట్టు. నమస్తే తెలంగాణ బీఆర్ఎస్ అధినాయకత్వానికి చెందింది. వీ6, వెలుగు వివేక్ వెంకటస్వామి కుటుంబానివి. ఆయన 2025 జూన్ నుంచి రాష్ట్ర గనులు, కార్మిక శాఖల మంత్రి, ఆయన కుమారుడు మన పెద్దపల్లి ఎంపీ. సాక్షి జగన్మోహన్‌రెడ్డి కుటుంబానిది. నవతెలంగాణ సీపీఎం ఆలోచనలకు దగ్గర. ఇవన్నీ బహిరంగ విషయాలే. దీన్ని బట్టి ఫలానా పత్రిక చదవొద్దని నేననను. ప్రతిపక్షం పత్రికలో గని సమస్యలు వివరంగా దొరుకుతాయి, అధికారపక్షానికి దగ్గరి పత్రికలో జీవో వివరాలు పూర్తిగా దొరుకుతాయి. ఐదేళ్లకోసారి ప్రభుత్వం మారితే ఈ పాత్రలూ మారతాయి. తన యజమానికి ఇబ్బంది కలిగించే వార్తను కూడా ఒక పత్రిక రాసిందంటే, దాన్ని రెండుసార్లు చదవండి.

డబ్బు పోయే వార్తలు

ఇంతవరకు చెప్పిన వాటితో మనసు పాడవుతుంది, ఇప్పుడు చెప్పేదానితో ఇల్లు గుల్లవుతుంది. సింగరేణిలో ఉద్యోగాలంటూ లోగో, సంతకం, స్టాంపుతో సహా తయారైన నోటిఫికేషన్లు వాట్సాప్‌లో ఏడాది పొడవునా తిరుగుతాయి. మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ చేయించి కొడుక్కి ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు గుంజిన దళారుల అరెస్టు వార్తలు జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు వచ్చాయో మీకే తెలుసు. నిజమైన నోటిఫికేషన్ సంస్థ వెబ్‌సైటులో ఉంటుంది, అక్కడ లేనిది లేనట్టే. ఫార్వర్డ్‌లో రెండు బాణాల గుర్తు ఉందంటే అది ఎన్నో చేతులు మారి వచ్చిందని అర్థం. ఎక్కువమంది పంపారు కాబట్టి నిజమనుకోవద్దు. పేరున్న పత్రిక క్లిప్పింగ్ కనబడితే ఆ తేదీ ఈ-పేపర్ తెరిచి ఆ పేజీలో ఉందో లేదో చూడండి. పత్రికల, వే2న్యూస్ లాంటి యాప్‌ల నమూనాలో నకిలీ క్లిప్పింగులు తయారుచేయడం ఫోన్‌లో ఐదు నిమిషాల పని. తెలుగులో నిజనిర్ధారణ చేసే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి, అనుమానం వచ్చిన ఫొటోను, మాటను అక్కడ వెతకొచ్చు.

పెద్దనాన్న పంపిన ఫార్వర్డ్ తప్పని తేలితే ఇంటి గ్రూపులో అందరి ముందూ ఎండగట్టకండి. ఫోన్ చేసి, ‘పెద్దనాయినా, అది పాత ముచ్చటనట, జెర తీసెయ్’ అంటే ఆయనే తీసేస్తాడు. పరువు పోయినవాడు అబద్ధాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాడు.

పత్రికలో మీ గురించి, మీ కాలనీ గురించి తప్పు వార్త వస్తే ముందు ఎడిటర్‌కు సవరణ కోరుతూ రాయాలి. పేరు, చిరునామా చివరి పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఉంటాయి, చట్టప్రకారం వేయక తప్పదు. జవాబు రాకపోతే దినపత్రిక మీద వార్త వచ్చిన రెండు నెలల్లోపు ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. కౌన్సిల్ జరిమానా వేయలేదు, మందలించగలదు, అభిశంసించగలదు. యూట్యూబ్ చానెల్ అయితే ఈ దారి లేదు, యూట్యూబ్‌కే ఫిర్యాదు చేయాలి, లేదా పోలీసు ఠాణాకో కోర్టుకో వెళ్లాలి.

ఈ అధ్యాయానికి ఒక అభ్యాసం ఇస్తాను. ఈ వారం సింగరేణి మీద అంకె ఉన్న వార్త ఒకటి తీసుకుని, యాజమాన్యాలు వేరైన రెండు పత్రికల్లో చదవండి. ఆ అంకె దేంట్లో, ఎవరు చెప్పారు, ఏ ముక్క ఒకదాంట్లో ఉండి మరోదాంట్లో లేదు అన్నవి నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండింట్లోనూ దొరకని ప్రశ్న ఒకటి మిగులుతుంది. ఉదాహరణకు నాకు మిగిలినది ఇది: 2024లో విస్తరణకని పక్కన పెట్టిన 2,289 కోట్లు ఏయే పనులకు, ఎంతెంత ఖర్చయ్యాయి? శాతం పెరిగిందా తగ్గిందా అని అంతలా కొట్లాడుకున్న మనం దీన్ని అడగాలి. సింగరేణి సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. తెల్లకాగితం మీద తెలుగులో రాసి, పౌర సమాచార అధికారి పేరిట పంపండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.